కడుపులో బిడ్డ, చేతిలో మాత్ర

ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో అన్నీ బాగున్నాయన్నారు. మా ఆయన దారిలో ఆగి స్వీట్లు కొన్నాడు. నేను ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. అప్పటికి కొన్ని వారాలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. అన్నం సయించేది కాదు. బిడ్డ కదిలినప్పుడల్లా, ఇలాంటి తల్లి కడుపున ఎందుకు పడిందో అనిపించేది.

అమ్మ దిష్టి తీసింది. అత్తయ్య "కడుపుతో ఉండి ఏడవకూడదమ్మా, బిడ్డకి తగులుతుంది" అంది. గైనకాలజిస్టు హార్మోన్ల వల్లేనని, కాన్పయితే పోతుందని చెప్పి ఐరన్ మాత్రలు మార్చి రాశారు. ఒక సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లి, పిట్టగోడ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఆ రాత్రి మా ఆయనకి అంతా చెప్పేశాను. మర్నాడే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఫ్రిజ్ మీద మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 రాసి అంటించాడు.

డాక్టరమ్మ డిప్రెషన్ ఉందేమో చూసే పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఎడిన్‌బరో స్కేలు అంటారు. 1987లో బాలింతల కోసం తయారైంది, గర్భిణులకూ వాడతారు. మీకు మీరే హాని చేసుకోవాలనిపించిందా అన్నది పదో ప్రశ్న. దానికి నిజమే రాశాను. డిప్రెషన్ అని చెప్పి, కౌన్సెలింగ్‌తో పాటు సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర రాశారు.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఆ చదువు వల్ల టెన్షన్ పెరిగిందే తప్ప తగ్గలేదు. సెరొటోనిన్ అంటే మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం. నాడీకణం వదిలిన సెరొటోనిన్‌ను తిరిగి లోపలికి లాక్కోకుండా ఆపుతుందీ మందు. మాయ దాటి బిడ్డకీ చేరుతుంది. పిండంలో సెరొటోనిన్ పని మూడ్ ఒక్కటే కాదు. ఐదో వారానికే మెదడు కాండంలో సెరొటోనిన్ తయారుచేసే కణాలు కనిపిస్తాయి. అప్పటికి చాలామందికి కడుపన్న సంగతే తెలియదు. ఏ కణం ఎక్కడికి జరగాలి, ఏ నరాల పోగు ఎటు పెరగాలి అన్నదాంట్లో సెరొటోనిన్‌కి వాటా ఉంది.

ఎలాగూ రాత్రిళ్లు నిద్ర లేదు కనుక ఫోన్‌లో పరిశోధనలు చదివాను. చుంచెలుక మూతి మీద ఒక్కో మీసానికీ దాని మెదడులో ఒక్కో గడి ఉంటుంది. సెరొటోనిన్‌ను విరిచే ఒక ఎంజైము లేని చుంచుల్లో అది పోగుపడి, ఆ గళ్లు ఏర్పడలేదు. పుట్టిన మొదటి రోజుల్లోనే సెరొటోనిన్ తగ్గిస్తే మళ్లీ ఏర్పడ్డాయి. అంటే ఎంత ఉందన్నదే కాదు, ఎప్పుడు ఉందన్నదీ ముఖ్యమే. 2004లో వచ్చిన ఇంకో పరిశోధన మరీ భయపెట్టింది. పుట్టిన 4వ రోజు నుంచి 21వ రోజు దాకా ఇదే రకం మందైన ఫ్లుఆక్సెటిన్ ఇచ్చిన చుంచులు పెద్దయ్యాక బెదురుగా తయారయ్యాయి.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ నవ్వలేదు, కసరలేదు. "ఆ చుంచుల తల్లులకి డిప్రెషన్ లేదు కదమ్మా" అన్నారు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. మందు వేసుకోకపోతే బిడ్డకి ఏ ముప్పూ లేనట్టు లెక్కేసుకుంటున్నాను. నిద్ర లేని, తిండి లేని, పిట్టగోడ వైపు చూసే తల్లి ఒంట్లోని ఒత్తిడి కూడా బిడ్డకి చేరుతుంది. ముదిరిన డిప్రెషన్‌ను అలాగే వదిలేస్తే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ ఉంది. స్వీడన్‌లో 15 లక్షలకు పైగా కాన్పుల వివరాలతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. గర్భం తొలి నెలల్లో ఇలాంటి మందు వాడినప్పుడు పుట్టిన బిడ్డను, అదే తల్లికి మందు లేనప్పుడు పుట్టిన బిడ్డతో పోల్చి చూస్తే ఆటిజం, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేకపోవడం) ముప్పు పెరిగినట్టు తేలలేదు. నెలలు నిండకుండా పుట్టే ముప్పు మాత్రం కొద్దిగా ఎక్కువే. అది కూడా దాచకుండా చెప్పారు కాబట్టే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

మాత్ర మొదలుపెట్టాను. (ఈలోగా వాట్సాప్‌లో అరటిపండు తింటే సెరొటోనిన్ వస్తుందని పిన్ని పంపింది. పండులో ఉన్న మాట నిజమే, అది రక్తంలోంచి మెదడులోకి దాటదు.) మందు పడ్డ గంటల్లోనే సెరొటోనిన్ మీద పని మొదలవుతుంది, మనసు తేలికపడడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆలోపు మెదడులో కణాల మధ్య అతుకులు నెమ్మదిగా మారుతుంటాయనీ, పెద్దవాళ్ల మెదడుకీ ఆ మెత్తదనం ఉందనీ డాక్టరమ్మ చెప్పారు. నాకు మొదట తిరిగొచ్చింది ఆకలి. ఒకరోజు గోంగూర పచ్చడి అడిగి మరీ వేయించుకున్నాను, అమ్మ కళ్లొత్తుకుంది. తర్వాత నిద్ర. సంతోషం అన్నింటికన్నా ఆలస్యంగా, సీమంతం కూడా అయిపోయాక వచ్చింది.

కాన్పుకి ముందే పిల్లల డాక్టరుకి మందు సంగతి చెప్పి ఉంచాం. పాప పుట్టాక మొదటి రెండు రోజులు కాస్త వణికింది, ఊరికే ఉలిక్కిపడింది. ఇలాంటి మందు వాడిన తల్లుల పిల్లల్లో కొందరికి ఇది మామూలేనని కనిపెట్టుకుని ఉన్నారు, దానంతట అదే తగ్గింది. సెర్ట్రలిన్ పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది కాబట్టి పాలు మాన్పించలేదు. పాపకి ఏడాది నిండాక, డాక్టరమ్మ చెప్పినట్టే డోసు తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాను.

ఇప్పుడు అత్తయ్య రెండో బిడ్డ మాటెత్తుతోంది. ముందు డాక్టరమ్మని కలిసొచ్చాక చెప్తానన్నాను. "అయితే నేనూ వస్తాను, నాకూ కొన్ని అడగాలి" అంది.