జిప్సీ ఇంజన్ ఇంట్లోనే విప్పాం, అరగడానికి కారణం కూడా దొరికింది

పాత మారుతి జిప్సీ (జీపు లాంటి బండి) ఆయిల్ తాగుతోంది అని మన హైదరాబాద్‌లో ఏ మెకానిక్‌కి చెప్పినా వచ్చే మాట ఒకటే, "ఇంజన్ బోర్‌కి వచ్చేసింది సార్, దించేద్దాం". అంటే సిలిండర్లు అరిగాయి, లోపల కోసి కాస్త పెద్దవి చేయాలి అని. చాలాసార్లు అది నిజమే. కానీ ఎందుకు వచ్చింది అని మాత్రం ఎవరూ అడగరు, బండి పాతది కదా అరిగిపోయింది అనేస్తారు, ఆ జవాబు నాకు అస్సలు మింగుడుపడదు. ఇంజన్ ఊరికే వయసు మీద పడి అరిగిపోదు, ఆయిల్ సరిగ్గా అందకపోవడమో, వేడెక్కిపోవడమో, దుమ్ము లోపలికి పోవడమో ఏదో ఒకటి ఉంటుంది. అది పట్టుకోకుండా కొత్త పిస్టన్లు వేశామంటే ఆ కొత్తవి కూడా అదే దారిన పోతాయి. అందుకే ఈసారి మొత్తం పని ఇంటి దగ్గరే, మా పోర్టికోలోనే చేశాం, లేత్ పని ఒక్కటే బయట.

బండి 1998 జిప్సీ కింగ్, కార్బురేటర్ మోడల్. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, జిప్సీ 1985లో వచ్చినప్పుడు 970 సీసీ చిన్న ఇంజన్, 1996లో కింగ్‌తో పాటు 1298 సీసీ వచ్చింది, 2000లో ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు పెట్రోల్‌ని ఇంజెక్టర్లతో చిమ్మే పద్ధతి) అయింది, 2019లో తయారీ ఆపేశారు. మా దాంట్లో ఉన్నది 1298 సీసీ ఎనిమిది వాల్వులది, బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 74 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 75.5. బ్లాక్, హెడ్ రెండూ అల్యూమినియం, సిలిండర్ల లోపల మాత్రం ఇనుప లైనర్లు పోతతోనే కలిపేసి ఉంటాయి, అంటే కొన్ని డీజిల్ ఇంజన్లలోలా లైనర్ పీకేసి కొత్తది దించడం ఇక్కడ కుదరదు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి తర్వాత పనికొస్తుంది.

లక్షణాలు ఏంటంటే, వికారాబాద్ వైపు అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేర్ లాగడం మానేసింది, యాక్సిలరేటర్ తొక్కితే వెనక నీలం పొగ. పొగ ఎప్పుడు వస్తోంది అన్నది చాలా ముఖ్యం. పొద్దున స్టార్ట్ చేసిన ఆ కాసేపే నీలం పొగ వచ్చి ఆగిపోతే ఎక్కువగా వాల్వ్ సీల్స్, రాత్రంతా ఆయిల్ కారి కిందికి దిగి ఉంటుంది. లోడ్ మీద లాగుతుంటే ఆగకుండా వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోర్. వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ ప్యాకింగ్ (గ్యాస్కెట్) సంగతి చూసుకోవాలి. మాది రెండో రకం, ఆయిల్ పోసే మూత తీస్తే బుసబుసమని బ్యాక్ కంప్రెషన్ (రింగులు దాటి కిందికి వచ్చే గ్యాస్) కొడుతోంది.

అయినా మూత తీసి చూసి ఇంజన్ దించకూడదు, కంప్రెషన్ గేజ్ పెట్టాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులు నాలుగూ తీసేసి, కాయిల్ వైర్ విడదీసి, బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ తొక్కకపోతే గాలి లోపలికి సరిగ్గా పోదు, మంచి ఇంజన్ కూడా చచ్చిన లెక్క చూపిస్తుంది. ఈ ఇంజన్‌కి మాన్యువల్ ప్రకారం 199 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉండాలి, 170 కంటే తగ్గకూడదు, సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా 14 దాటకూడదు. మాకు వచ్చినవి 150, 145, 110, 148. తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి ఒక స్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొడితే మూడోది 110 నుంచి 145కి ఎగబాకింది. ఆయిల్ పోశాక పెరిగిందంటే లీకు రింగుల పక్కన, పెరక్కపోతే వాల్వుల్లోనో హెడ్ ప్యాకింగ్‌లోనో. అంటే ఇక దించాల్సిందే, అందులో అనుమానం లేదు.

మేం ఉండేది సైనిక్‌పురి. తిరుమలగిరిలో ఈఎంఈ వాళ్ళ (ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) మిలిటరీ కాలేజీ ఉండడంతో మా వైపు ఆర్మీ బండ్ల మీద పనిచేసి రిటైరైనవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు, మా పక్క వీధి అంకుల్ కూడా అలాంటివారే, జిప్సీ అంటే ప్రాణం ఆయనకి. నేను పానాలు తీసుకుని రెడీ అయిపోతుంటే ఆయన అన్న మొదటి మాట, "ఆగు బాబూ, ముందు ఫోటోలు తీసుకో, తర్వాత పానా పట్టుకో". ప్రతి హోస్, ప్రతి వ్యాక్యూమ్ పైపు విప్పకముందే ఫోటో, ప్రతి చోటి బోల్టులు విడివిడి కవర్లలో వేసి పేరు రాయడం. కార్బురేటర్ చుట్టూ ఉండే సన్న పైపులు గుర్తుంటాయిలే అనుకుంటే రెండు వారాల తర్వాత ఒక్కటీ గుర్తుండదు.

ఇంజన్ లేపడానికి స్టాండుతో ఉన్న చైన్ పుల్లీ అద్దెకి తెచ్చుకున్నాం. పోర్టికో స్లాబ్‌కి ఉన్న ఫ్యాన్ హుక్కుకి మాత్రం ఎవరూ తగిలించకండి దయచేసి, అది ఫ్యాన్ కోసం వేసింది. గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి దాన్ని బండిలోనే వదిలేసి ఇంజన్ ఒక్కటే ముందుకి లాగి పైకి తీశాం.

హెడ్ తీశాక అసలు కథ బయటపడింది. నాలుగు బోర్లలోనూ నిలువు గీతలు, మూడోదాంట్లో పైన గోరు పెట్టి లాగితే ఆగిపోయేంత గట్టు. గట్టు ఎందుకు వస్తుందంటే పిస్టన్ పైకి వెళ్ళి తిరిగే చోట ఒక్క క్షణం ఆగుతుంది, అక్కడ ఆయిల్ పొర తెగుతుంది, పైగా పేలుడు ఒత్తిడి రింగుని గోడకేసి నొక్కుతుంది, వేడి కూడా అక్కడే ఎక్కువ, అందుకే బోర్ అక్కడ అన్నిటికంటే ఎక్కువ అరుగుతుంది, ఆ పైన రింగు తగలని చోటు మాత్రం కొత్తదానిలా అలాగే ఉండిపోతుంది. పిస్టన్లు బయటికి తీస్తే మూడోదాని ఆయిల్ రింగు కార్బన్‌తో జామ్ అయిపోయి కదలట్లేదు, మిగతావాటికంటే అది ఎక్కువ దెబ్బతినడానికి కారణం అదే. బిగ్ ఎండ్ బేరింగులు (కనెక్టింగ్ రాడ్ క్రాంక్ షాఫ్ట్‌ని పట్టుకునే చోటివి) చూస్తే మెత్తటి లోహంలో సన్న రేణువులు దిగబడిపోయి ఉన్నాయి.

అంకుల్ ఆ బేరింగుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆయిల్ మార్చకపోవడం కాదు, మట్టి తిన్నది ఇది" అన్నారు. ఇంటేక్ మ్యానిఫోల్డ్ లోపల వేలు పెడితే బూడిద రంగు పొర వేలికి అంటింది. ఎయిర్ ఫిల్టర్ చూస్తే శుభ్రంగా ఉంది, మరి దుమ్ము ఎట్లా పోయింది? ఫిల్టర్ డబ్బా నుంచి కార్బురేటర్‌కి వెళ్ళే రబ్బరు హోస్ తీసి వంచి చూస్తే అడుగు వైపు, క్లిప్ పక్కనే పగులు. మామూలుగా పట్టుకుంటే మూసుకుపోయే ఉంటుంది, వంచితేనే నోరు తెరుస్తుంది. బండి బురదలోనో గుట్ట మీదో గట్టిగా లాగినప్పుడు ఇంజన్ మౌంటింగుల మీద పక్కకి వాలుతుంది కదా, సరిగ్గా అప్పుడే ఆ పగులు తెరుచుకుంటోంది, సరిగ్గా అప్పుడే చుట్టూ ఎర్ర దుమ్ము ఉంటుంది. ఫిల్టర్ దాటాక పగులు కాబట్టి ఫిల్టర్ ఎంత మంచిదైనా ఏం లాభం లేదు. ఆ మట్టి రేణువులు రింగుల్ని, బోర్‌ని గీరుతాయి, రింగులు దాటి ఆయిల్‌లో కలుస్తాయి, ఆయిల్ ఫిల్టర్‌కి చిక్కనంత సన్నవి వెళ్ళి బేరింగుల్లో కూర్చుంటాయి. ఒక చిన్న రబ్బరు హోస్ ఇంజన్ మొత్తాన్ని తినేసింది. నాకు నిజంగా కడుపు తరుక్కుపోయింది.

తర్వాత కొలతలు. ఇది అందరూ వదిలేసే పని, నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన పని. ప్రతి బోర్‌ని పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ఒక్కో చోట క్రాంక్ వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి బోర్ గేజ్‌తో కొలిచాం. టేపర్ (బోర్ పైకీ కిందికీ వెడల్పులో తేడా) 0.10 మి.మీ. దాటకూడదు, మూడోది 0.12, మిగతావి లిమిట్ లోపలే. రింగు ఒక్కటే బోర్‌లో పెట్టి పిస్టన్‌ని బోర్లా పట్టుకుని దాంతో నిటారుగా కిందికి తోసి, కొసల మధ్య ఫిల్లర్ గేజ్ (సన్న రేకుల కొలత పరికరం) పెడితే గ్యాప్ తెలుస్తుంది, 0.7 మి.మీ. దాటితే రింగు పని అయిపోయినట్టే, మూడోది దాటేసింది. క్రాంక్ మాత్రం బాగుంది, జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే భాగాలు) మైక్రోమీటర్‌తో స్టాండర్డ్ సైజే చూపించాయి, పాలిష్ చేయించి స్టాండర్డ్ బేరింగులే వేశాం. కొలవకుండా ఇచ్చి ఉంటే క్రాంక్ కూడా గ్రైండ్ చేసేసేవాళ్ళు, అనవసరంగా ఒక సైజు పోయేది.

ఒక సిలిండర్ పోయినా నాలుగూ బోర్ చేయాల్సిందే. బాలానగర్ వైపు ఒక లేత్ షాపుకి బ్లాక్ తీసుకెళ్తే మాస్టర్ చూసి "సాబ్, డైరెక్ట్ పాయింట్ ఫిఫ్టీ కొట్టేద్దాం, టెన్షన్ ఉండదు" అన్నాడు. నేను వద్దన్నా. ఈ ఇంజన్‌కి పిస్టన్లు 0.25, 0.50 రెండే ఓవర్‌సైజులు (అసలు సైజు కంటే అన్ని మి.మీ. పెద్దవి), ఇందాక చెప్పినట్టు లైనర్ మార్చలేం, ఇప్పుడే 0.50కి వెళ్తే ఇంకోసారి బోర్ చేసే అవకాశం ఉండదు. గేజ్ పెట్టి చూద్దాం భాయ్, 0.25లో గీతలు పోతాయంటే అంతే చేద్దాం అన్నా, ఆయన కూడా ఓపిగ్గా నాలుగూ చూసి సరే పోతాయి అన్నాడు. ఇంకో మాట, పిస్టన్లు ముందే కొని షాపులో ఇవ్వాలి, పిస్టన్ కొలిచి దాన్నిబట్టి బోర్ చేయాలి, మధ్యలో ఖాళీ 0.02 నుంచి 0.04 మి.మీ. మాత్రమే. పిస్టన్లు, రింగులు, ప్యాకింగ్ సెట్ రాణిగంజ్‌లో దొరికాయి, పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్తే పని తొందరగా అవుతుంది. హెడ్‌కి ఫేసింగ్, వాల్వ్ సీట్లు కూడా లేత్ షాపులోనే, వాల్వులు పేస్టుతో నూరడం మాత్రం ఇంట్లో నేనే చేసుకున్నా.

బ్లాక్ ఇంటికొచ్చాక డీజిల్‌తోనో పెట్రోల్‌తోనో తుడిచేసి బిగించేయకండి. హోనింగ్ (బోర్ గోడని రాపిడి రాళ్ళతో రుద్దడం) చేసిన గీతల్లో రాపిడి పొడి ఉంటుంది, డీజిల్ నూనెని కడుగుతుంది గానీ ఆ పొడిని అక్కడే వదిలేస్తుంది. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్, తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే వచ్చేదాకా కడగాలి, ఆరిన వెంటనే ఆయిల్ పూయాలి, లేకపోతే కళ్ళ ముందే తుప్పు పట్టేస్తుంది. మట్టి వల్ల పోయిన ఇంజన్‌లోకి మళ్ళీ మనమే మట్టి పెట్టడం కంటే ఘోరం ఉండదు. ఆయిల్ దారులు కూడా సన్న బ్రష్‌తో, గాలి కొట్టి శుభ్రం చేశాం, సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టెలో) ఆయిల్ పీల్చే జాలీ సగం మూసుకుపోయి ఉంది, పాత సిలికాన్ జిగురు ముక్కలు అన్నీ అక్కడే.

బిగించడం మామూలే, మాన్యువల్ పక్కన పెట్టుకుని టార్క్ రెంచ్‌తో. రింగు మీద అక్షరం ఉన్న వైపు పైకి, కొసలు ఒకదాని కింద ఒకటి రాకుండా, బేరింగ్ క్యాపులు నంబర్ల ప్రకారం బాణం గుర్తు ముందు వైపుకి, హెడ్ బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, ఒకేసారి కాకుండా విడతలుగా. టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు, సీల్స్ కొత్తవే. హోస్ కొత్తది, క్లిప్పులు కొత్తవి, ఇంజన్ మౌంటింగులు కూడా.

స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి ఆయిల్ లైట్ ఆరేదాకా సెల్ఫ్ కొట్టాం, అప్పుడే ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేశాం. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేయమని చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను. రింగులు బోర్‌కి కుదురుకోవాలంటే వెనక నుంచి గ్యాస్ ఒత్తిడి ఉండాలి, ఐడిల్‌లో అది ఉండదు, బోర్ గాజులా నునుపెక్కిపోయి ఆయిల్ తాగడం అలాగే ఉండిపోతుంది. లీకులు చూసుకుని వెంటనే రోడ్డెక్కాం, శామీర్‌పేట వైపు తెల్లవారుజామున, స్పీడు పెంచడం, యాక్సిలరేటర్ వదిలి ఇంజన్ మీదే తగ్గనివ్వడం, మళ్ళీ పెంచడం, ఎక్కడా పూర్తిగా తొక్కకుండా. ఆయిల్ మామూలు మినరల్ 20డబ్ల్యూ40, మొదటిది తొందరగానే మార్చేశాం, రన్నింగ్-ఇన్‌లో వచ్చే ఇనుప పొడి అంతా దాంట్లోనే పోతుంది.

రన్నింగ్-ఇన్ అయ్యాక గేజ్ పెడితే 190, 188, 192, 190. అంకుల్ ఆ నంబర్లు చూసి ఏం మాట్లాడలేదు, నా భుజం మీద తట్టి బానెట్ వేశారు, అది చాలు నాకు. ఇప్పుడు బండి అనంతగిరి మూడో గేర్‌లోనే ఎక్కుతోంది, పొగ లేదు. ప్రతి సర్వీసుకీ ఆ హోస్ విప్పి వంచి చూడడం మాత్రం పెట్టుకున్నా, జిప్సీ ఉన్నవాళ్ళు మీరు కూడా ఒకసారి చూడండి, ఒక స్క్రూడ్రైవర్ చాలు. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె) బుష్‌లు కొద్దిగా కొట్టుకుంటున్నాయి, ఆ పని వానలు తగ్గాక మొదలుపెడతా.