'ఎందుకు' అని అడగకుండా జవాబు రాబట్టాను

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి మాట తెలుగు, ఆఫీసు కాగితం ఒడియా. నాన్నగారు పోయాక పొలం మా పేర్లకు మార్చమని పెట్టుకున్న మ్యుటేషన్ దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఎవరూ తేల్చి చెప్పలేదు. 'రేపు రండి' అన్నది మాత్రం రెండు భాషల్లోనూ విన్నాను. ఇక సమాచార హక్కు చట్టమే దిక్కనుకున్నాను.

మా వీధి మాస్టారు ముందే హెచ్చరించారు: "ఎందుకు చేయలేదని అడగకు బాబూ, కాగితం అడుగు." 2005 నాటి ఆ చట్టం ఆఫీసులో ఉన్న రికార్డును ఇప్పిస్తుంది, లేని సంజాయిషీని రాయించదు. 'ఎందుకు'కు జవాబు సమాచారం కిందకు రాదని 2008లో బొంబాయి హైకోర్టు గోవా బెంచి కూడా చెప్పింది. అందుకని ఫైలు నోట్‌షీటు (ఫైలు మీద అధికారులు రాసే పేజీ) నకలు, అది ఏ తేదీన ఏ హోదా అధికారి దగ్గరకు వెళ్లిందన్న వివరం, ఈ రెండే అడిగాను.

సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే ఈ దరఖాస్తుకు తెల్లకాగితం చాలు. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇచ్చి, రసీదు తీసుకున్నాను.

జవాబివ్వాల్సిన 30 రోజుల గడువు ముగిసేలోపే ఉత్తరం వచ్చింది: 'మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది.' సంతకం, ముద్ర, తారీఖు అన్నీ ఉన్నాయి, అడిగింది తప్ప. చాలామంది ఇక్కడే చల్లబడిపోతారు. ఇవ్వనంటే కారణమేమిటో, అప్పీలు ఎవరికి, ఎన్నాళ్లలోగా చేసుకోవాలో రాసి తీరాలని సెక్షన్ 7(8) అంటోంది. ఆ ఉత్తరంలో ఇవేవీ లేవు.

అప్పీలుకుండే ఫారం-డి నింపి, ఇరవై రూపాయల స్టాంపుతో మొదటి అప్పీలు వేశాను. తిట్లు రాయలేదు. అడిగింది ఇది, వచ్చింది ఇది అని రెండూ జతచేశాను, అంతే. విచారణలో నా తెలుగు యాస ఒడియాకు అప్పీలు విన్న అధికారి నవ్వారు గానీ, నకలు ఇవ్వమని ఆదేశించారు. గడువు దాటింది కాబట్టి పేజీకి రెండు రూపాయల రుసుము కూడా పడలేదు.

నోట్‌షీటులో ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) నివేదిక అందినట్టు ఒక వరుస, పక్కన పొట్టి సంతకం ఉన్నాయి. కింద పేజీ అంతా ఖాళీ. నివేదిక రాలేదని అన్నాళ్లూ నాకు చెప్పిన గుమాస్తాకే ఆ పేజీ చూపించాను. ఆయన ఏమీ అనకుండా ఫైలు తీసి లోపలికి వెళ్లారు. మ్యుటేషన్ కేసుకు ఇప్పుడు విచారణ తేదీ పడింది.