ముగ్గుపిండి గోడలు

మా బడి ఆవరణలో వేపచెట్టు కింద ఇసుక మూల ఒకటి ఉండేది. చిన్న తరగతుల్లో మా మధ్యాహ్నపు విరామమంతా అక్కడే గడిచేది. గులకరాళ్ళు వరుసగా పేర్చి బొమ్మరిల్లు కట్టి, గుమ్మం కోసం జానెడు ఖాళీ వదిలి, కొబ్బరి చిప్పల్లో ఇసుక అన్నమూ వేపాకు కూరా వండి గుజ్జనగూళ్ళు ఆడుకునేవాళ్ళం. ఆ గోడ బెత్తెడు ఎత్తయినా ఉండేది కాదు, అయినా దాన్ని దాటి లోపలికి రావాలని ఎవరికీ తోచేది కాదు, గుమ్మం దగ్గర ఆగి, "వదినగారూ, ఇంట్లో ఉన్నారా?" అని పిలిచి, బదులు వినిపించాకే అడుగుపెట్టేవాళ్ళం.

ఆ ఆటను రోజూ వరండాలో నిలబడి చూసిన తెలుగు మాస్టారే, మేము ఎనిమిదో తరగతికి వచ్చాక మాకు నాటకం నేర్పారు. 1880లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు గారు తమ 'వ్యవహార ధర్మబోధిని'ని విద్యార్థుల చేతనే ఆడించారని ఆయన ఎంతో ఇష్టంగా చెప్పేవారు.

ఆ ఏడే సురభి వారు మా ఊరు వచ్చి రేకులతో నాటకశాల కట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజంలో తాతలూ మనుమలూ కలిసి వేషాలు కడతారు. బాణాలు నిప్పులు కక్కుతూ గాలిలో ఢీకొంటే మేము ఊపిరి బిగబట్టి చూశాం. మర్నాడు మాస్టారు అనుమతి అడిగి మమ్మల్ని తెర వెనక్కి తీసుకువెళ్ళారు. రాత్రి రాజభవనమై మెరిసిన తెర దగ్గరి నుంచి చూస్తే అతుకులూ రంగు మరకలూ. దాని వెనుక చీర ఉయ్యాలలో ఒక పసివాడు నిద్రపోతున్నాడు, పక్కనే పొయ్యి మీద నిజమైన అన్నం ఉడుకుతోంది. నాటకమూ కాపురమూ ఒకే కప్పు కింద సాగడం నేను మొదటిసారి చూసింది అక్కడే.

వార్షికోత్సవానికి మాస్టారు రాసిన నాటికలో ఒక ఇల్లు కావాలి, సెట్టింగులకు డబ్బు లేదు. చూసేవాళ్ళను వరండా మెట్ల మీద కూర్చోబెట్టి, కింద ఆవరణలో ముగ్గుపిండితో గోడలు గీసి, గుమ్మానికి ఖాళీ వదిలారు. ప్రదర్శనలో పోస్ట్‌మన్ వేషం కట్టిన మిత్రుడు కంగారులో గీత దాటి నేరుగా లోపలికి వచ్చేశాడు. మెట్ల మీది చిన్న పిల్లలు ఒక్కసారిగా "గోడ! గోడ!" అని అరిచారు. వాడు ఆగి, వెనక్కి నడిచి, గుమ్మం ముందు నిలబడి, లేని తలుపును రెండుసార్లు తట్టాడు. లోపలి నుంచి నేను గడియ తీశాను.