రేస్ క్యామ్‌లు బిగించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

నా 600 సీసీ స్పోర్ట్స్ బైక్‌కి రేస్ క్యామ్‌లు (వాల్వుల్ని తెరిచే షాఫ్టులు), హై కంప్రెషన్ పిస్టన్లు, క్యామ్‌ని ముందుకీ వెనక్కీ జరపనిచ్చే అడ్జస్టబుల్ స్ప్రాకెట్లు వేయడం ఇవాళే పూర్తయింది. పిస్టన్లు తేలిగ్గానే దొరికాయి, రింగ్ గ్యాప్ చూసి వేసేశాను. నన్ను ఏడిపించింది క్యామ్ టైమింగే, అంటే వాల్వులు సరిగ్గా ఎప్పుడు తెరుచుకోవాలో కుదర్చడం.

కంపెనీ క్యామ్ అయితే గుర్తులు కలిపితే సరిపోతుంది. రేస్ క్యామ్‌కి ఆ గుర్తుల్ని నమ్మితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగొచ్చు. ముందు అసలైన టీడీసీ, అంటే పిస్టన్ అన్నిటికన్నా పైన ఉండే బిందువు, దొరకాలి. పైకొచ్చాక పిస్టన్ కదిలీ కదలనట్టుంటుంది, కంటికి తెలీదు. అందుకే ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ పెట్టి, క్రాంక్‌ని అటూ ఇటూ ఆగేదాకా తిప్పి, క్రాంక్‌కి తగిలించిన డిగ్రీ వీల్ (డిగ్రీలు గీసిన చక్రం) మీద ఆ రెంటి మధ్య బిందువు పట్టుకున్నాను. క్యామ్‌తో వచ్చిన కొలతల కార్డులో ఇన్‌టేక్ లోబ్ సెంటర్ (ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే చోటు) టీడీసీ తర్వాత 102 డిగ్రీలని ఉంది. అదే పెట్టాను.

వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ ఎంతుందో చూడ్డానికి పిస్టన్ మీద క్లే అంటించి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, క్రాంక్‌ని రెండు చుట్లు తిప్పి విప్పాను. ఇన్‌టేక్ వాల్వ్ నొక్కిన చోట క్లే కాగితంలా అయిపోయింది. కోసి కొలిస్తే 1 మిల్లీమీటరు కూడా లేదు!

అమ్మినాయనకి ఫోన్ చేశాను. "తమ్ముడూ, డయల్ గేజ్ చదవడం రాకపోతే వచ్చినవాళ్లకి ఇచ్చుకో. వీడియోలు చూసి చేసే పని కాదిది" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, చుట్టూ ఫ్రెండ్స్. తల కొట్టేసినట్టయింది.

ఆ ఉక్రోషంతోనే మళ్లీ కూర్చున్నాను. 1 మిల్లీమీటరు లిఫ్ట్ దగ్గర వాల్వ్ తెరుచుకునే, మూసుకునే డిగ్రీలు రాసుకుని డ్యూరేషన్ (వాల్వ్ ఎన్ని డిగ్రీల పాటు తెరిచి ఉంటుందో) లెక్కేస్తే కార్డుతో కలవలేదు. స్ప్రాకెట్‌ని ఎంత జరిపినా మారేది సెంటరే. డ్యూరేషన్ లోబ్ (వాల్వ్‌ని నొక్కే క్యామ్ ఉబ్బు) ఆకారంలోనే ఉంటుంది, అది మారదు. అంటే కార్డు ఈ క్యామ్‌ది కానే కాదు! గేజ్ ఫొటోలు పంపాక "ప్యాకింగ్‌లో మారినట్టుంది" అంటూ అసలు కార్డు పంపాడు. అందులో 106. 102 అంటే ఇన్‌టేక్ నాలుగు డిగ్రీలు ముందే తెరుచుకున్నట్టు, అంత ముందుకు జరిపితే వాల్వ్ పిస్టన్‌కి దగ్గరవక ఏమవుతుంది? సారీ మాత్రం ఆ నోట రాలేదు. ఇరవై ఏళ్ల అనుభవం అని చెప్పుకునేవాళ్లకి కార్డు చదవడం కూడా వస్తే బాగుంటుంది.

106కి మార్చాక క్లే నిక్షేపంగా మందంగా వచ్చింది. వాల్వ్ క్లియరెన్స్ సరిచేసే షిమ్‌లు (పల్చటి బిళ్లలు) మార్చి, కొత్త గాస్కెట్‌తో మూశాను. ఇంజిన్ మొదటి నొక్కుకే అందుకుంది. డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద మ్యాపింగ్, అంటే పెట్రోలు, స్పార్క్ సెట్టింగులు, అయ్యేదాకా గట్టిగా తిప్పను. మీరు క్యామ్‌లు కొంటుంటే, వాటి మీద చెక్కిన నంబరు కార్డు మీద కూడా ఉంటేనే డబ్బు కట్టండి. నా కార్డు మీద ఏ నంబరూ లేదు.