సముద్రం ఒడ్డున "పాదస్పర్శం క్షమస్వ మే"

పొద్దున్నే మంచం దిగే ముందు చదివే ఈ శ్లోకం మనలో చాలామందికి నోటికి వచ్చు.

సముద్రవసనే దేవి పర్వతస్తనమండలే
విష్ణుపత్ని నమస్తుభ్యం పాదస్పర్శం క్షమస్వ మే

సముద్రాన్ని చీరగా కట్టుకున్న తల్లీ, పర్వతాలే స్తనాలుగా ఉన్న దేవీ, విష్ణుమూర్తి ఇల్లాలివైన నీకు నమస్కారం, నా కాలు నీకు తగులుతోంది, మన్నించు. అంతే అర్థం. కరాగ్రే వసతే లక్ష్మీ అయ్యాక ఇది చదివి, చేత్తో నేలను తాకి కళ్లకద్దుకుని అప్పుడు కాలు కింద పెట్టమని పెద్దవాళ్లు నేర్పారు. నేర్చుకున్నాం, చదువుతున్నాం. కానీ టైల్స్ వేసిన మూడో అంతస్తు గదిలో నిలబడి ఎవరిని మన్నించమంటున్నామో మనసుకి అంత తేలిగ్గా ఆనదు. నాకు ఈ శ్లోకం వంటబట్టింది సముద్రం ఒడ్డునే, మాఘం చివర్లో, ఫాల్గుణంలో, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే పొద్దుల్లోనే. శ్లోకం చెప్పినట్టు సముద్రం అమ్మవారి చీరే అయితే, తీరంలో నడిచే మనం ఆ చీర అంచు పక్కనే కాళ్లు వేస్తున్నట్టు కదా. అక్కడ ఒళ్లు మరచి నడవబుద్ధి కాదు.

పంచాంగం ప్రకారం ఇంకా శిశిరమే, వసంతం రావాలంటే ఉగాది రావాలి. సముద్రం మాత్రం అంతవరకు ఆగదు. చలికాలమంతా ఈశాన్యం నుంచి వీచిన గాలి ఈ రోజుల్లో మెల్లగా దక్షిణానికి తిరుగుతుంది, మన తీరం వెంబడి నీటి ప్రవాహం కూడా ఉత్తరానికి మళ్లుతుంది. కవులు మలయమారుతం అని మురిసిపోయిన దక్షిణపు గాలి కోస్తా వాళ్ల ముఖానికి ముందుగా తగిలేది ఇప్పుడే. ఒడ్డున బాలబంద తీగ ఊదారంగు పూలు పూసి ఇసుకదిబ్బల మీద పాకుతూ ఉంటుంది. ఆ తీగ లేకపోతే గాలికి దిబ్బ నిలవదు, అందుకే దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తే మంచిది.

మాఘ పౌర్ణమికి అంతర్వేదిలోనూ హంసలదీవిలోనూ జనం సముద్రస్నానానికి తండోపతండాలుగా వస్తారు. ఒకచోట వాసిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది, ఇంకోచోట కృష్ణమ్మ కలుస్తుంది. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వచ్చే రోజులు కాబట్టి పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, అంటే సముద్రం బాగా పైకి వచ్చే రోజునే మనం దాని దగ్గరికి వెళ్తున్నాం అన్నమాట. ఈ స్నానానికి సంబంధించి పెద్దలు ఇంకో మాట చెప్పారు, దాన్ని ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోవడం లేదు: సముద్రాన్ని పర్వదినాల్లోనే ముట్టుకోవాలి, మిగతా రోజుల్లో చూసి దండం పెట్టుకోవాలి. రావిచెట్టుకీ ఇలాంటి నియమమే ఉంది, శనివారం తప్ప తాకకూడదంటారు. చిన్నప్పుడు ఇదంతా భయపెట్టడానికి చెప్తున్నారనిపించేది. ఇప్పుడు నాకు అర్థమవుతున్నది వేరు. దగ్గరున్నదల్లా మనం తాకడానికే ఉందనుకోకూడదు, తాకాలంటే ముందు అడగాలి. పాదస్పర్శ శ్లోకంలో ఉన్నదీ ఇదే వినయం.

ఇక అసలు నేను చెప్పాలనుకున్న సంగతి. ఈ నెలల్లో పొద్దున్నే, జనం ఇంకా రాకముందు వెళ్తే కొన్నిచోట్ల ఇసుకలో ఒక జాడ కనిపిస్తుంది. అలల దగ్గర మొదలై నేరుగా పైకి వస్తుంది, మధ్యలో పొట్ట రాసుకుపోయిన పట్టీ, దానికి రెండువైపులా రెక్కలతో నెట్టుకున్న గుర్తులు. పైన కొంత ఇసుక కలబెట్టినట్టుంటుంది, అక్కడి నుంచి అదే జాడ మళ్లీ నీళ్లలోకి దిగిపోతుంది. రాత్రి ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు ఒకటి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిందన్నమాట. వెనక కాళ్లతో సుమారు మూరెడు లోతు గొయ్యి తవ్వుతుంది, వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది, ఇసుక కప్పి, తన ఒంటినే అటూ ఇటూ ఊపుతూ ఆ ఇసుకను గట్టిగా అదుముతుంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడదు. పిల్లలకు కాపలా ఉండదు, తిండి పెట్టదు. మొత్తం నేలతల్లికే వదిలేసి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులు ఆ ఇసుక వెచ్చదనమే వాటిని పొదుగుతుంది, పుట్టేది ఆడదా మగదా అన్నది కూడా ఆ వేడిని బట్టే తేలుతుంది.

ఇది తెలిశాక విష్ణుపత్ని అని భూమిని పిలవడం నాకు పూజగదిలో మాటలా అనిపించలేదు. ఆ తల్లి నిజంగానే అక్కడ పని చేస్తోంది, మన కాలికి మూరెడు కింద.

శ్రీకూర్మం వెళ్లి కూర్మనాథస్వామికి దండం పెట్టుకుని, అదే శ్రీకాకుళం జిల్లా తీరంలో రీల్స్ కోసం బైకు ఇసుక మీదకు ఎక్కించేవాళ్లు ఉంటే వాళ్లని నేను భక్తులు కాదనను, భక్తి ఉంది, కానీ స్వామి గుడిలోనే ఉన్నాడనుకుంటున్నారు. టైరు వెళ్లినచోట ఇసుక గట్టిపడుతుంది, లోపలి గుడ్లు చితికిపోవచ్చు, పిల్లలు పైకి రాలేకపోవచ్చు. రాత్రిళ్లు గుడ్డులోంచి బయటపడిన పిల్లలు ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతాయి, మామూలుగా అది సముద్రమే, ఒడ్డున ఫ్లడ్ లైట్లు వేస్తే మాత్రం అవి ఊరివైపు వచ్చేస్తాయి. కాళ్ల కింద ఏముందో చూసుకోకుండా పాదస్పర్శం క్షమస్వ మే అని ఎన్నిసార్లు అన్నా, నా మటుకు నాకు అది అడిగినట్టు లెక్కలోకి రాదు.

గంగమ్మ బిడ్డలకు ఇదంతా మనకన్నా బాగా తెలుసు. వేటకు వెళ్లేముందు పడవ నీళ్లలోకి తోసేటప్పుడు తల్లికి మొక్కుకునేవాళ్లని చూడండి, అందులో హడావిడి ఉండదు. ఎందుకంటే వాళ్లు వెళ్లేది వాకింగ్‌కి కాదు, ఆ నీళ్లలోంచి ఇంటికి అన్నం తేవడానికి. ఒడ్డు నుంచి అలివి వల లాగుతుంటే ఒక్కోసారి మగవాళ్లంతా తాడు పట్టుకుని ఒకే అడుగులో వెనక్కి నడుస్తారు, మడమలు ఇసుకలో దిగబడిపోతాయి. మన పాదస్పర్శ సుతారంగా ఉంటుంది, వాళ్లది బరువైనది. అయినా తల్లి ఎవరి మీద ఎక్కువ ప్రేమగా ఉంటుందని నన్నడిగితే నేను వాళ్లవైపే చూపిస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ 61 రోజులు ఇల్లు గడవడం ఎంత టెన్షనో వాళ్ల వాడకట్టుకి వెళ్లి అడిగితే తెలుస్తుంది. మనం శ్లోకంలో అడిగే మన్నింపుకి వాళ్లు రెండు నెలల రాబడి వదులుకుంటున్నారు.

అందుకే ఈ ఫాల్గుణంలో తీరానికి వెళ్లేవాళ్లని ఒకటే అడుగుతున్నాను. శ్లోకం మంచం మీద చదివారు సరే, రోడ్డు దిగి ఇసుకలో కాలు పెట్టేచోట ఇంకోసారి చదవండి, గట్టిగా అక్కర్లేదు. అలల తడి తగిలే గట్టి ఇసుక మీదే నడవండి, గూళ్లు సాధారణంగా దానికి పైన ఉంటాయి. నేను చెప్పిన జాడ కనిపిస్తే దాని మీదుగా నడవకుండా, తవ్వి చూడకుండా, ఫోటో కోసం కూడా కెలక్కుండా, అటవీశాఖ వాళ్లకో దగ్గర్లోని మత్స్యకారులకో చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్లకి అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చింది, గుడ్లు కదిలించడం, పాడుచేయడం కూడా నేరమే. అటవీశాఖ వాళ్లయితే జాగ్రత్తగా తీసి హేచరీలో, అంటే గుడ్లు పొదగడానికి కాపాడే చోట, పాతిపెడతారు. పొద్దెక్కకముందే చెప్పండి, కుక్కలు ఆ వాసన చాలా తొందరగా పసిగడతాయి.