లీకు లేదు, అయినా పీడనం దిగదు

మా షెడ్డు మండపేటలో ఒక రైసు మిల్లు పక్కన ఉంటుంది. పొద్దున్నే తలుపు తీసేసరికి బల్లల మీద ఊక బూడిద పలచగా పరుచుకుని ఉంటుంది. బాయిలర్ గొట్టాలు, చెరువుల ఏరేటర్ల ఫ్రేములు చేసుకునే మేము దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. యాక్సిలరేటర్ల మీద, అంటే అణువుకన్నా చిన్న కణాలను మహా వేగంగా పరుగెత్తించే యంత్రాల మీద, పనిచేసే ఒక పరిశోధనశాల మీటరు పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీలు వాక్యూమ్ ఛాంబరు (లోపలి గాలంతా తోడేసే డబ్బా) చేయమని అడిగాక ఆ బూడిదే మాకు మొదటి శత్రువైంది.

డ్రాయింగులో లోపలి పీడనం 5×10⁻¹⁰ మిల్లీబార్ల లోపు ఉండాలని రాశారు. బయటి గాలి పీడనం సుమారు 1000 మిల్లీబార్లు. అంటే రెండు లక్షల కోట్ల వంతుల గాలిలో ఒక్క వంతే లోపల మిగలాలి. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ అనే పెద్ద యాక్సిలరేటర్‌లో ప్రోటాన్లు 27 కిలోమీటర్ల వలయాన్ని సెకనుకు పదకొండు వేలసార్లకు పైగా చుట్టివస్తాయి, అలా గంటల తరబడి తిరగాలి. దారిలో గాలి అణువులకు తగిలితే చెదిరిపోతాయి. మన ఇండోర్‌లోని ఇండస్-2 అనే యాక్సిలరేటర్‌లో తిరిగే ఎలక్ట్రాన్లకూ ఇదే బెడద. ఇది తెలిశాక ఆ అంకె మీద నాకు గౌరవం పెరిగింది.

షెడ్డులో ఒక మూల ప్లాస్టిక్ షీట్లతో గది కట్టాం. వేలిముద్రలోని జిడ్డు కూడా వాయువులు వదులుతుంది కాబట్టి చేతి తొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోలేదు. టిగ్ వెల్డింగు, అంటే ఆర్గాన్ వాయువు రక్షణలో కరెంటుతో అతికే పని, మా బాబాయిది. ముప్పై ఏళ్లుగా ఆయన అతుకు పెట్టిన గొట్టం తిరిగి రాలేదు.

పంపులు, హీలియం లీకు డిటెక్టరు, లోపల ఏ వాయువులున్నాయో చెప్పే గ్యాస్ ఎనలైజరు పరిశోధనశాల వాళ్లే పంపారు. ప్రతి అతుకు మీదా బయటి నుంచి హీలియం ఊదాం; లీకు ఉంటే అది లోపలికి దూరి డిటెక్టరుకు అందుతుంది. డిటెక్టరు కదలలేదు. అయినా పీడనం 10⁻⁷ మిల్లీబార్ల దగ్గర ఆగిపోయింది. మూడు రోజులు పంపు ఆపకుండా నడిపినా అక్కడే ఉంది. ఆ మూడు రాత్రులూ నేను షెడ్డులోనే పడుకున్నాను.

నాలుగో రోజు ఎనలైజరు అంకెలు పరిశోధనశాలకు ఫోనులో చదివాను. ఒక్కో వాయువుకు దాని అణువు బరువును బట్టి ఒక్కో అంకె దగ్గర గీత వస్తుంది. 28, 32, 40 దగ్గర గీతలున్నాయి, అంటే నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్. అటువైపు ఇంజనీరు మేడమ్ కాసేపు ఆగి, "అది గాలేనండీ. బయటి నుంచి రావడం లేదంటే లోపలే ఎక్కడో చిక్కుకుని ఉంది. అతుకు రెండు వైపులా వేశారా?" అని అడిగారు.

బాబాయి తల వంచుకున్నాడు. డ్రాయింగులో అతుకు లోపలి వైపే ఉంది. బాయిలర్ పని అలవాటుతో, గట్టిగా ఉంటుందని బయట కూడా వేశాడు. రెండు అతుకుల మధ్య సన్నటి సందులో గాలి చిక్కుకుంది. లోపలి అతుకులోని కంటికి కనిపించని రంధ్రం గుండా అది కొద్దికొద్దిగా కారుతోంది. బయటి అతుకు హీలియాన్ని అడ్డుకోవడంతో డిటెక్టరుకు అది అందలేదు. దీన్ని వర్చువల్ లీకు అంటారని మేడమ్ చెప్పారు. బయటి అతుకులో చిన్న రంధ్రం వేసి హీలియం ఊదగానే డిటెక్టరు ఒక్కసారిగా పైకి లేచింది. అంత సంతోషం నాకు ఏ పనిలోనూ కలగలేదు.

బయటి అతుకు గ్రైండ్ చేసి తీసేశాం, లోపలిది మళ్లీ వేశాం. లోపల బిగించిన బోల్టుల అడుగున కూడా గాలి నిలుస్తుందని ఒక్కో బోల్టు నడిమధ్యలో నిలువునా రంధ్రం పెట్టాం.

ఇక మిగిలింది నీరు. అది కార్తీకం, వాన వదలడం లేదు. మా గాలిలోని తేమ స్టీలు గోడకు అంటుకుంటే పంపు ఎంత లాగినా త్వరగా వదలదు, వేడిచేసి వదిలించాల్సిందే. మూతల అంచుల (ఫ్లాంజిల) మధ్య గాలి చొరకుండా కొత్త రాగి గ్యాస్కెట్లు పెట్టి, ఫ్లాంజి బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం. హీటింగ్ టేపు చుట్టి, పైన అల్యూమినియం రేకు కప్పి మెల్లగా 150 డిగ్రీలకు తెచ్చాం. పీడనం దిగకపోగా పైకి ఎగబాకింది. నేను కంగారుపడి ఫోను చేస్తే "నీరు బయటికొస్తోంది, రానివ్వండి" అన్నారు మేడమ్. 48 గంటలు అలాగే ఉంచాం. కరెంటు పోతే వేడి తగ్గకుండా మిల్లు వాళ్ల జనరేటరు అడిగి పెట్టుకున్నాం.

చల్లారాక 3×10⁻¹⁰ చూపింది. నీటి గీత 18 దగ్గర దాదాపు నేలకంటింది. స్టీలులోంచి వచ్చే హైడ్రోజన్‌దే ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద గీత. పొడి నైట్రోజన్ నింపి మూతలు బిగించేటప్పుడు బాబాయి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కొత్త తొడుగులు వేసుకుని బోల్టులన్నీ తానే బిగించాడు.