అండమాన్‌కు ఏ నెల, ఏ వారం, ఏ తిథి: విశాఖ నుంచి సన్నాహాల నమోదు

ఆగస్టు, 2025

ముఖానికి మాస్కు, నోటికి గొట్టం తగిలించుకొని నీటిపై బోర్లా తేలుతూ కిందనున్న పగడాలను చూసే స్నార్కెలింగ్ మీద నాకు ఆసక్తి పుట్టి కొంతకాలమైంది. రుషికొండ దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టాను కాని, మన తీరంలో అలల తాకిడికి ఇసుక లేచి ఒడ్డు నీరు ఏడాదిలో చాలా భాగం కలకగానే ఉంటుంది కనుక, పగడాలు చూడాలంటే అండమాన్ వెళ్ళవలసిందే. ఎప్పుడు వెళ్ళాలని అడిగితే ప్రయాణ సంస్థల కరపత్రాలన్నీ "అక్టోబరు నుంచి మే వరకు" అనే ఒకే మాట చెబుతున్నాయి. విశాఖలో వాన జూన్ నుంచి నవంబరు వరకు పడుతుందన్న మాట ఎంత నిజమో ఇదీ అంతే నిజం, గొడుగు ఏ రోజు తీసుకెళ్ళాలో మాత్రం రెండూ చెప్పవు. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టి వాన, గాలి, ఆటుపోట్లు, ఇంట్లోవాళ్ళ సెలవులు అని నాలుగు గడులు గీసి, ఒక్కొక్క గడి నింపుకుంటూ వస్తున్నాను.

వాన గడి త్వరగానే నిండింది. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి దాని అధికారిక నామం శ్రీ విజయపురం) ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. ఇది విశాఖ వర్షపాతానికి దాదాపు మూడు రెట్లు. నైరుతి రుతుపవనాలు దేశంలో మొట్టమొదట తాకేది ఆ దీవుల్నే. మామూలుగా మే మూడో వారంలో వస్తాయి కాని, ఈ సంవత్సరం మే 13కే దక్షిణ అండమాన్ సముద్రాన్ని తాకినట్టు వాతావరణ శాఖ ప్రకటించింది. అవి తగ్గేసరికి ఈశాన్య రుతుపవనాలు అందుకొని డిసెంబరు దాకా విడవకుండా కురిపిస్తాయి. వాన అతి తక్కువగా ఉండేది జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే.

దీంతో సెలవుల గడి దగ్గర చిక్కు వచ్చింది. మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో గాని మొదలుకావు. అప్పుడు బయలుదేరినా రుతుపవనాలు వచ్చేలోపు మిగిలేది రెండు మూడు వారాలు మాత్రమే, అవి కూడా సముద్రం బాగా వేడెక్కి ఉండే వారాలు. 2010లోను, 2016లోను వేసవి వేడికే అండమాన్ పగడాలు రంగు కోల్పోయి తెల్లబడ్డాయి. వేసవి సెలవుల్లో తప్ప కదలలేని కుటుంబాలు అండమాన్‌నే పట్టుకొని కూర్చోనవసరం లేదని నా అభిప్రాయం. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బాలి, లాంబాక్ దీవుల్లో ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడి కాలం. శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలీ దగ్గర సముద్రం మే నుంచి సెప్టెంబరు వరకు నెమ్మదిగా ఉంటుంది. థాయ్‌లాండ్‌లోని కో సముయికి గట్టి వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పడతాయి కనుక వేసవిలో ఇబ్బంది లేదు. లక్షద్వీప్, మాల్దీవులు మాత్రం వేసవి సెలవులకు పనికిరావు. వాటి మంచి కాలం కొంచెం అటూ ఇటూగా అండమాన్‌తోనే నడుస్తుంది.

సెప్టెంబరు

ఈ నెలంతా గాలి గడికే సరిపోయింది. వాన లేని రోజు సముద్రం నెమ్మదిగా ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు. జనవరి మొదట్లో ఆకాశం నిర్మలంగా ఉన్నా ఈశాన్యపు గాలి గట్టిగా వీచే రోజుల్లో తూర్పు ఒడ్డున అలలు విరిగి, ఇసుక లేచి, నీటి అడుగున చేయి చాచినంత దూరం కూడా కనిపించని స్థితి వస్తుంది. అదే రోజు అదే దీవిలో పశ్చిమ ఒడ్డున నీరు తేటగా ఉండవచ్చు. హేవ్‌లాక్ దీవినే (2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్) తీసుకుంటే విజయనగర్, కాలాపత్థర్ తీరాలు తూర్పు ముఖంగా, రాధానగర్ తీరం పశ్చిమ ముఖంగా ఉన్నాయి. శీతకాలంలో ఈశాన్యపు గాలికి దీవి కొండలే రాధానగర్‌కు చాటు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు లెక్క తారుమారై, నైరుతి గాలి తెచ్చే అలలన్నీ నేరుగా రాధానగర్ మీదే పడతాయి.

ఈ సంగతి నాకు ముందుగా చెప్పింది ఫిషింగ్ హార్బరులో వలలు బాగుచేసే ఒక పెద్దాయన. ఆయన అన్నగారి కుటుంబం చాలా ఏళ్ళ కిందటే పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌కు వలస వెళ్ళి అక్కడే వేటలో స్థిరపడింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి అలా వెళ్ళిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి, బజారులో తెలుగుతో పని జరిగిపోతుంది. "ఏ నెల మంచిదండీ?" అని నేను అడిగితే, ఆయన చేతిలోని కండె ఆపకుండానే, "నెల అడుగుతారేటి బాబూ? గాలి ఎటు నుంచొస్తందో చూసుకోండి. గాలికి వీపు పెట్టిన ఒడ్డుకెళ్తే డిసెంబర్లో అయినా పర్లేదు" అన్నాడు. ఆ మాట పట్టుకొని పటం ముందేసుకొని, మేము వెళ్ళదలచిన ప్రతి తీరం పక్కనా అది ఏ దిక్కుకు తిరిగి ఉందో రాసుకున్నాను. నా పుస్తకంలో ఇంతకంటే ఎక్కువగా అక్కరకు వచ్చిన పేజీ ఇంకొకటి లేదు.

ఫిబ్రవరి గడిచేకొద్దీ ఈశాన్యపు గాలి పలచబడుతుంది, నైరుతి ఇంకా పుంజుకోదు. ఈ రెండింటి నడుమ, అంటే ఫిబ్రవరి రెండో వారం నుంచి ఏప్రిల్ మధ్య దాకా, తూర్పు పడమర తీరాలు రెండూ ఒకేసారి అనుకూలించే అవకాశం ఎక్కువ. ఈతలో నాలాగా ఇంకా నిలదొక్కుకుంటున్నవారు ఆ వారాలనే ఎంచుకోవడం మంచిది.

అక్టోబరు చివర

మొంథా తుపాను 28వ తేదీ రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. విశాఖలో వానకు రోడ్లు జలమయమయ్యాయి. అక్టోబరు, నవంబరు నెలలను నేను జాబితాలోంచి పూర్తిగా కొట్టివేయడానికి కారణం మన ఊరివారికి వివరించనక్కరలేదు. 2014లో హుద్‌హుద్ అండమాన్ సముద్రంలోనే మొదలై, అక్టోబరు 8న ఆ దీవుల మీదుగా సాగి, 12న విశాఖను తాకింది. అంతకు ముందటి ఏడాది ఫైలిన్ కూడా అండమాన్ మీదుగానే వచ్చి ఒడిశా తీరం దాటింది. అంటే ఈ నెలల్లో విశాఖ నుంచి అండమాన్ వెళ్ళేవారికి తుపాను పుట్టినచోట ఒక ప్రమాదం, ఇల్లు ఉన్నచోట మరొక ప్రమాదం. మనిషి అక్కడ హోటల్ గదిలో, మనసు ఇక్కడ కిటికీ తలుపుల మీద ఉండే సెలవు ఎవరికి కావాలి?

డిసెంబరు కూడా నమ్మదగినది కాదు. 2016 డిసెంబరు మొదటి వారంలో, తరువాత వర్దా తుపానుగా మారి చెన్నైని తాకిన వాయుగుండం కారణంగా హేవ్‌లాక్, నీల్ దీవుల్లో సుమారు 1,400 మంది పర్యాటకులు చిక్కుకుపోగా, వారిని తీసుకురావడానికి నౌకాదళం ఓడలను పంపవలసి వచ్చింది. దీవి నుంచి దీవికి ఫెర్రీ తప్ప వేరే దారి సామాన్యులకు లేదు, గాలి పెరిగితే మొదట ఆగేది ఫెర్రీయే. ఇక డిసెంబరు 20 నుంచి సంక్రాంతి దాకా రద్దీ వల్ల గదుల ధరలు కూడా పెరుగుతాయి.

నవంబరు

నెల ఫిబ్రవరి అని తేలింది, వారం తేలాలి. ఇందుకు నాకు గోడకున్న తెలుగు క్యాలెండరు ఏ యాప్ కంటే ఎక్కువగా ఉపయోగపడింది.

పౌర్ణమి, అమావాస్యల చుట్టూ సముద్రం ఎక్కువగా పొంగి ఎక్కువగా వెనక్కు తీస్తుంది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆ రోజుల్లో పోటుకు పాటుకు మధ్య తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది, విశాఖలో అంత ఉండదు. అష్టమి చుట్టూ ఈ తేడా బాగా తగ్గుతుంది. తేడా తగ్గితే పగడాల దిబ్బల మధ్య నీటి లాగుడు తగ్గుతుంది, స్నార్కెలింగ్‌కు అది మేలు. అయితే నీల్ దీవిలోని సహజ శిలా వంతెనను చూడాలంటే పాటు బాగా దిగినప్పుడే రాళ్ళ మీదుగా నడిచి వెళ్ళాలి, దానికి పౌర్ణమి, అమావాస్యల దగ్గర రోజులే నయం. హేవ్‌లాక్‌లో చీకటి రాత్రుల్లో నీటిని కదిపితే నీలంగా మెరిసే సూక్ష్మజీవులను చూడాలన్నా వెన్నెల ఉండకూడదు.

ఇవన్నీ కలిపి చూస్తే బహుళ అష్టమి నుంచి అమావాస్య వరకు ఉండే వారం అన్ని అవసరాలకూ సరిపోతోంది. ఆ వారం మొదట్లో లాగుడు తక్కువ, చివర పాటు లోతు. బహుళ అష్టమి తరువాత చంద్రోదయం అర్ధరాత్రి దాటాకే కనుక, వారం పొడవునా సాయంత్రాలు చీకటిగానే ఉంటాయి. శుక్లపక్షంలో అష్టమి నుంచి పౌర్ణమి దాకా వెళితే ఆటుపోట్ల లెక్క ఇలాగే కుదురుతుంది కాని వెన్నెల వచ్చి మెరుపును మింగేస్తుంది. గంటలు, నిమిషాలు కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలు చూసుకోవాలి. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుందని గుర్తుంచుకుంటే, ఒక రోజు సమయం తెలిసినా మిగతావి ఉజ్జాయింపుగా వేసుకోవచ్చు.

2026లో మాఘ బహుళ అష్టమి ఫిబ్రవరి 9న, అమావాస్య 17న వస్తున్నాయి. మధ్యలో 15న మహాశివరాత్రి. "పండగ పూట ఊళ్ళో లేకుండా దీవులేమిటిరా?" అని అమ్మ అభ్యంతరం చెప్పింది. ఎలాగూ ఆ రాత్రి జాగారమే కాబట్టి సముద్రపు ఒడ్డున చేసుకుందామని, ఆర్కే బీచ్‌లో జనం మధ్య కూర్చున్నదానికంటే ప్రశాంతంగా ఉంటుందని నచ్చజెప్పాను. ఉపవాసానికి పళ్ళు దొరుకుతాయా అన్నది ఆమె తరువాతి ప్రశ్న కనుక ఒప్పుకున్నట్టే లెక్క.

డిసెంబరు

టిక్కెట్లు తీసుకున్నాను. విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఉంది, రెండు రోజులకు పైగా పడుతుంది. ఓడ ఎక్కాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. కాని దాని ప్రయాణ తేదీలు చాలా ముందుగా ఖరారు కావు, రాకపోకలూ తరచుగా ఉండవు. తిథులను బట్టి వారం ఎంచుకున్నవారికి అది కుదరదు. అందుచేత చెన్నై మీదుగా విమానమే.

రోజుల వరుసను కూడా సముద్రాన్ని బట్టే పెట్టుకున్నాను. 9వ తేదీ సోమవారం చేరుకుంటాం. వండూరు నుంచి పడవ మీద వెళ్ళే జాలీ బాయ్ దీవికి సోమవారం సెలవు కనుక 10న అక్కడికి. ఈ దీవిని ఏడాది పొడవునా తెరిచి ఉంచరు. సుమారుగా నవంబరు నుంచి మే మధ్య వరకు జాలీ బాయ్, మిగతా నెలల్లో రెడ్ స్కిన్ దీవి. పగడాలకు విశ్రాంతి ఇవ్వడానికే ఈ ఏర్పాటు. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, ప్లాస్టిక్ సీసాలను, సంచులను దీవిలోకి రానివ్వరు. 11 నుంచి 13 వరకు హేవ్‌లాక్. గాలి ఈశాన్యం నుంచి గట్టిగా ఉంటే రాధానగర్, ఎలిఫెంట్ బీచ్ వైపు, పడిపోతే తూర్పు తీరాలకు. ఏ రోజు ఏ ఒడ్డన్నది హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూసి ముందు రోజు రాత్రే నిర్ణయించుకుంటాం. 14, 15 తేదీలు నీల్ దీవికి. అప్పటికి పాటు బాగా దిగుతుంది కనుక శిలా వంతెన దగ్గరకు నడిచి వెళ్ళవచ్చు.

16న పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగి వచ్చి ఆ రోజంతా ఖాళీగా ఉంచుకున్నాం, విమానం 17న. తిరుగు విమానానికి ముందు రాత్రి హేవ్‌లాక్‌లోనో నీల్‌లోనో పడుకోవడం ఎంత మంచి కాలంలోనైనా తెలివైన పని కాదు. ఫెర్రీ ఒక్కపూట ఆగినా విమానం తప్పిపోతుంది.

జనవరి, 2026

సంక్రాంతి తరువాత మాస్కు పరీక్షించాను. పట్టీ తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి చేతులు వదిలేస్తే అది జారిపోకుండా అంటుకొని ఉండాలి. మీసం ఉన్నవారికి పైపెదవి దగ్గర గాలి చొరబడుతుంది, నాకూ అక్కడే చొరబడింది. మీసం అంచును సన్నగా కత్తిరించుకున్నాక నిలిచింది. కొత్త అద్దం లోపలి వైపు కంటికి కనిపించని పూత ఒకటి ఉంటుంది. టూత్‌పేస్టుతో వేలి కొసతో గుండ్రంగా రుద్ది కడిగితే గాని ఆవిరి పట్టడం తగ్గదు. ఒక్కసారి రుద్దితే చాలలేదు, రెండో పూట మళ్ళీ రుద్దవలసి వచ్చింది.

ఒక చిన్న లెక్క కూడా వేసుకున్నాను. పోర్ట్ బ్లెయిర్ మనకంటే దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. అందువల్ల అక్కడ సూర్యుడు ముప్పావు గంటకు కాస్త తక్కువ తేడాతో ముందే ఉదయించి ముందే అస్తమిస్తాడు. ఫిబ్రవరి మధ్యలో విశాఖలో ఆరు గంటలకు సూర్యుడు కుంకితే అక్కడ ఐదున్నర లోపే కుంకుతాడు. నీటి పని అంతా ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి పదకొండులోపు ముగించేలా సమయాలు మార్చుకున్నాను. ఎండ నిటారుగా ఉన్నప్పుడు పగడాల రంగులు బాగా కనిపిస్తాయని అంటారు గాని, వీపు కాలిపోతుంది. పొడవు చేతుల ఈత చొక్కా లేకుండా ఆ సాహసం చేయను. మొసళ్ళ హెచ్చరిక పలక కనిపించిన ఒడ్డున ఏ నెలలోనైనా, ఏ తిథి నాడైనా నీటిలోకి దిగే ఆలోచన లేదు.

ఇంకా మిగిలిన పనులు: జాలీ బాయ్ అనుమతికి గుర్తింపు కార్డుల నకళ్ళు తీయించడం, అమ్మకు ఫెర్రీలో వాంతులు రాకుండా మాత్రలు వైద్యుణ్ణి అడిగి తీసుకోవడం, స్టీలు నీళ్ళ సీసాలు కొనడం. ఫిబ్రవరి 5 నుంచి గాలి సూచనలను రోజూ రాసుకోవడం మొదలుపెడతాను.